సౌత్‌వెల్‌లో ఒక ఎర్ర ఇటుకల ఇల్లు

ప్రభువు కృపవలన నిరుడు వేసవిలో నేనూ నా భార్యా ఇంగ్లండులో మా పెద్దకుమారుని వద్ద మూడు నెలలు గడిపి క్షేమంగా తిరిగి వచ్చాము. "చూసివచ్చిన వాటిలో ఏదైనా ఒకటి మన కుటుంబాలకు రాయండి" అని సంపాదకులుగారు కోరారు. లండను వంతెన గురించీ రాజుగారి కోట గురించీ చెప్పగలవారు మన సంఘాలలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఎక్కువమంది వెళ్ళని ఒక చిన్న పట్టణం గురించి రాస్తాను. దాని పేరు సౌత్‌వెల్. నాటింగ్‌హామునుండి బస్సులో సుమారు గంట ప్రయాణం.

నిజం చెప్పాలంటే మేము వెళ్ళింది అక్కడి దేవాలయం చూడటానికి. సౌత్‌వెల్ మిన్‌స్టర్ అనే ఆ దేవాలయం ఎనిమిది తొమ్మిది వందల ఏండ్ల నాటిది. 1884 నుండి బిషప్పుగారి పీఠం అక్కడే ఉంది. లోపల చాప్టర్ హౌస్ అనే ఎనిమిది పలకల గది ఒకటి ఉంది. దాని స్తంభాల తలల మీద పదమూడవ శతాబ్దపు శిల్పులు రాతిలో ఆకులు చెక్కారు. ఓక్ ఆకులు, ద్రాక్ష ఆకులు, ఐవీ తీగలు. నా భార్య చాలాసేపు వాటివంక చూసి, "ఏమండీ, ఈ ఆకు వెనుక ఈనె కూడా చెక్కారు, ఎవరికి కనబడుతుందని?" అన్నది. ఊరంతా ఆపిల్ చెట్లు. ఇంగ్లండు ఇళ్ళలో వంటకు వాడే బ్రామ్లీ ఆపిల్ మొదటి చెట్టు ఈ ఊళ్ళోనే 1809లో ఒక చిన్నపిల్ల నాటిన గింజలనుండి మొలిచిందట. కవి బైరన్ యౌవనంలో తన తల్లితో ఈ ఊళ్ళోనే ఒక పెద్ద బంగళా అద్దెకు తీసుకొని ఉన్నాడు. ఆ తల్లి కూడా విధవరాలే. కాని ఆమెను ఎవరూ, "అమ్మా, నీ భర్త ఏ ఊరివాడు?" అని అడగలేదు. ఆ ప్రశ్న ఎవరిని అడిగేవారో ఆ మధ్యాహ్నం తెలిసింది.

ఊరి చివర, అప్టన్ వెళ్ళే రోడ్డు ప్రక్కన, పొలాల మధ్య మూడంతస్తుల ఎర్ర ఇటుకల కట్టడం ఒకటి ఉంది. దూరంనుండి చూస్తే ఎవరో జమీందారుగారి బంగళా అనుకుంటాము. అది వర్క్‌హౌస్. అంటే బీదలను పెట్టి, పని చేయించి, తిండి పెట్టిన ఇల్లు. 1824లో కట్టారు. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దానిని కాపాడుతూ 2002 నుండి జనానికి చూపిస్తోంది. కట్టించినవాడు ఎవరనుకున్నారు? రెవరెండ్ జాన్ థామస్ బీచర్ అనే గురువుగారు. ఆయన మేజిస్ట్రేటు కూడా. చుట్టుప్రక్కల అనేక పారిష్‌లు కలిసి తమ బీదలకోసం దానిని కట్టుకున్నాయి. చెడ్డ ఉద్దేశముతో కట్టించాడని నేను అనను. సోమరితనము పోవాలి, పన్ను కట్టే రైతుల భారము తగ్గాలి, ముసలివారికీ రోగులకూ ఒక నీడ ఉండాలి, ఇవన్నీ ఆయన లెక్కలో ఉన్నాయి. ఆ లెక్క ప్రకారమే గోడలు కట్టాడు.

లోపల తిరిగితే ఆ గోడల సంగతి తెలుస్తుంది. మధ్యలో మాస్టరుగారి గదులు. ఆ కిటికీలలోనుండి అన్ని దొడ్లూ కనబడతాయి. దొడ్లు వేరువేరు: మగవారికి ఒకటి, ఆడవారికి ఒకటి, పిల్లలకు ఒకటి. ముసలివారూ జబ్బువారూ నిందలేనివారని ఒక వర్గము. ఒళ్ళు బాగుండి పని చేయగలవారు సోమరులూ దుర్వ్యయులూ అని మరొక వర్గము. మెట్లు కూడా వేరు. ఒకే కప్పు క్రింద ఉన్న భార్యాభర్తలు, తల్లీపిల్లలు ఒకరికొకరు ఎదురుపడకుండా ఇల్లు కట్టడం ఎంత నేర్పుతో కూడిన పనో అక్కడ చూడాలి. భర్త చనిపోయి ముప్పై ఏండ్లకే ఇద్దరు పిల్లలతో వచ్చిన స్త్రీ ఏ వర్గములోకి వస్తుంది? ఒళ్ళు బాగానే ఉన్నది కదా! ఆమె ఒక దొడ్డిలోకి, పిల్లలు ఒక దొడ్డిలోకి.

పిల్లల దొడ్డి గోడ దగ్గర నా భార్య ఆగిపోయింది. గోడ ఎత్తు మనిషికి మించి ఉంది. చూపు అందదు గాని మాట వినబడుతుంది.

మాకు ఆ ఇల్లు చూపించినది ఒక పెద్దావిడ. జీతము లేకుండా సేవగా చేసేవారిలో ఒకరు. మేము క్రైస్తవులమని తెలిసి, "మీ ఊళ్ళో బీదలను దేవాలయము చూసుకుంటుందా?" అని అడిగారు. కొంత చూసుకుంటుందని చెప్పాను. మా సంఘములో స్త్రీల మైత్రివారు ఎత్తే పిడికెడు బియ్యము సంగతీ, విధవరాండ్ర నిధి సంగతీ చెప్పాను. ఆ నిధి లెక్కలు చాలా ఏండ్లుగా నేనే రాస్తున్నానని కూడా కొంచెం గర్వంగానే చెప్పాననుకుంటాను. ఆవిడ సంతోషించి, లోపలినుండి ఒక పాతకాలపు అచ్చు కాగితము నకలు తెచ్చి చూపించారు. దానినిబట్టే ఈ వ్యాసము.

ఆ కాగితము అర్థం కావాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి. పిల్లలు విసుక్కోకుండా వినండి.

ఇంగ్లండులో 1601లో ఎలిజబెత్ రాణి కాలమున ఒక చట్టము వచ్చింది. ప్రతి పారిష్, అంటే ఒక దేవాలయము క్రింద ఉన్న ఊరు, తన బీదలను తానే పోషించాలి. చర్చి వార్డెన్లూ, ఏటేటా ఈస్టరు పండుగ రోజులలో నియమించబడే ఓవర్సీర్లూ ఊరివారిమీద పన్ను వేసి ఆ డబ్బు పంచాలి. ఇది మంచి చట్టమే. నాలుగు వందల ఏండ్ల క్రిందట బీదలకు చట్టప్రకారము తిండి పెట్టించిన దేశాలు ఎన్ని ఉన్నాయి? ఆ ఓవర్సీర్ల లెక్కల పుస్తకాలలో విధవరాండ్ర పేర్లు వారం వారం కనబడతాయి. ఫలానా విధవకు ఒక షిల్లింగు, ఫలానా విధవ పిల్లకు చెప్పులు, ఫలానా విధవ ఇంటికి బొగ్గు.

కాని "తన బీదలు" అన్న మాట దగ్గర చిక్కు వచ్చింది. ఎవరు తనవారు? 1662లో మరొక చట్టము చేశారు. ఏడాదికి 10 పౌండ్లకు తక్కువ అద్దె ఇంట్లో దిగిన కొత్తవారిని, ముందుముందు పారిష్‌మీద పడతారేమోనన్న అనుమానం ఉంటే చాలు, వచ్చిన 40 రోజుల లోపల ఇద్దరు మేజిస్ట్రేట్ల ఉత్తర్వుతో వారి సొంత పారిష్‌కు పంపివేయవచ్చు. కూలివానికి 10 పౌండ్ల అద్దె కలలోని మాట. ఈ సొంత పారిష్ హక్కును వారు సెటిల్మెంటు అనేవారు. 1691లో దానిని సంపాదించే దారులు రాశారు: అక్కడ పన్ను కట్టాలి, లేదా పారిష్‌లో ఒక ఉద్యోగము చేయాలి, లేదా చేతిపని నేర్చుకొనుటకు కుదరాలి, లేదా పెళ్ళికాకముందు పూర్తిగా ఒక సంవత్సరము జీతానికి కుదిరి ఆ సంవత్సరము పూర్తిచేయాలి. దానికి రైతులు కనిపెట్టిన ఉపాయము చూడండి. 51 వారాలకే పాలేరును కుదుర్చుకొని, ఒక వారము మిగిలి ఉండగానే పంపివేసేవారు.

ఇక స్త్రీల సంగతి. పెళ్ళి అయిన స్త్రీకి తన సెటిల్మెంటు ఉండదు. భర్తదే ఆమెది. భర్త చనిపోయిన తరువాత కూడా భర్తదే ఆమెది. భర్తకు ఎక్కడిది? తాను సంపాదించకపోతే తన తండ్రిది. ఆ తండ్రికి? అతని తండ్రిది. కాబట్టి లింకన్ ప్రాంతములో పుట్టి, నాటింగ్‌హాములో పెళ్ళి చేసుకొని, అక్కడే పదేండ్లు కాపురము చేసిన స్త్రీ, భర్త జ్వరముతో చనిపోయిన వారానికి ఓవర్సీరు దగ్గరికి వెళ్ళి రొట్టెకు డబ్బు అడిగితే, ఆమెను మేజిస్ట్రేట్లముందు నిలబెట్టి, "నీ భర్త ఎక్కడ పుట్టాడు? ఎవరి దగ్గర పూర్తి సంవత్సరము పనిచేశాడు? అతని తండ్రి ఏ ఊరివాడు?" అని ప్రమాణము చేయించి అడిగేవారు. జవాబు ఏ ఊరి పేరు చూపితే ఆ ఊరికి బండి కట్టించేవారు. ఆమె ఆ ఊరు ఎన్నడూ చూచి ఉండకపోవచ్చు. అక్కడ ఆమెను ఎరిగినవారు ఒక్కరూ ఉండకపోవచ్చు.

ఆమె మరల పెళ్ళి చేసుకుంటే ఇంకొక చిక్కు. ఆమెకు కొత్త భర్త పారిష్ వస్తుంది. మొదటి భర్త పిల్లలకు మాత్రం చనిపోయిన తండ్రి పారిష్‌యే. ఏడేండ్లు నిండనివారిని తల్లినుండి వేరుచేయకూడదు. ఏడు దాటితే చేయవచ్చు. భార్యకు సెటిల్మెంటు ఉండి భర్తకు ఎక్కడా లేకపోతే ఏమి చేయాలన్న చిక్కుమీద ఆనాటి లాయర్లు హాస్యపు పాటే కట్టుకొని పాడుకున్నారట. లాయర్లకు ఆదాయము బాగా వచ్చేది మరి. పంపిన పారిష్‌కూ పంపబడిన పారిష్‌కూ మధ్య దావాలు నడిచేవి. ఒక విధవకు ఏండ్ల తరబడి రొట్టె పెట్టగల డబ్బు, ఆమె ఎవరిదో తేల్చుకొనుటకే ఖర్చు చేసిన సందర్భాలున్నాయి. ఆర్థికశాస్త్రము రాసిన ఆడమ్ స్మిత్ 1776లోనే దీనిని గట్టిగా ఖండించాడు. ఆ దేశములో బీదవాడు పారిష్ హద్దు దాటడంకంటె సముద్రపు పాయనో కొండల వరుసనో దాటడం సులభమన్నాడు.

1697 నుండి మరి రెండు ఏర్పాట్లు వచ్చాయి. పారిష్ సహాయము పొందేవారు కుడి భుజముమీద ఎర్రనిగాని నీలపుగాని గుడ్డతో ఒక గుర్తు కుట్టుకోవాలి. అందులో పారిష్ పేరు మొదటి అక్షరము, బీదవారని తెలిపే పి అక్షరము ఉండాలి. 1810 దాకా ఆ చట్టము ఉన్నది. రెండవది సర్టిఫికేటు. పని వెతుక్కుంటూ మరొక ఊరు వెళ్ళేవాడు తన పారిష్ వార్డెన్లనుండి, "ఇతడు మావాడే, ఇతడు బీదవాడైతే మేము తిరిగి తీసుకుంటాము" అని సంతకాలుగల పత్రము తెచ్చుకోవాలి.

ఆ పెద్దావిడ నాకు చూపించిన నకలు తొలగింపు ఉత్తర్వు. అచ్చు వేసిన ఫారము. పేర్లకు, వయస్సులకు మాత్రము ఖాళీలు. ఫలానా విధవ, ఆమె పిల్లలు ఫలానా ఏడేండ్లవాడు, ఫలానా నాలుగేండ్లది, మా పారిష్‌లో చట్టప్రకారము సెటిల్మెంటు లేకుండా నివసించుచున్నారు, కాబట్టి వార్డెన్లు వీరిని తీసికొనిపోయి ఫలానా పారిష్ వార్డెన్లకు అప్పగించవలెను. చేతివ్రాత చాలా అందంగా ఉంది. గుండ్రని అక్షరాలు, ఒక్క కొట్టివేతా లేదు.

నేను ఆ కాగితము పట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు. కొన్నేండ్ల క్రిందట అటువంటి అందమైన చేతివ్రాతతో నేనూ ఒక ఉత్తరము రాశాను.

తాపీపని చేసే ఒకాయన మా ఊరికి పనికోసం వచ్చి ఎనిమిదేండ్లు ఉన్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు. ఆదివారాలు వెనుక చాపమీద కూర్చునేవారు. ఒకనాడు పని దగ్గర కట్టిన పరంజా విరిగి ఆయన చనిపోయాడు. నెల తరువాత ఆమె విధవరాండ్ర నిధికి అర్జీ పెట్టుకున్నది. కమిటీ కూర్చుంది. వారి సభ్యత్వము ఆయన సొంత ఊరి సంఘములోనే ఉండిపోయింది, ఇక్కడికి మార్పించుకోలేదు. నిధి చిన్నది, ఇప్పటికే ఇరవైమందికి పైగా ఉన్నారు, ఇట్లా బయటివారికి ఇస్తూపోతే మనవారికి ఏమి మిగులుతుందని ఒకరన్నారు. అది అన్యాయపు మాట కూడా కాదు. కార్యదర్శిగారు ఆనాడు రాలేదు గనుక జవాబు నేను రాశాను. "మీ మాతృసంఘమునుండి సభ్యత్వ బదిలీ పత్రము తీసికొని వచ్చినయెడల మీ మనవి పరిశీలించబడును." ఆమె పిల్లలను పొరుగింట్లో వదిలి, ఛార్జీలకు అప్పు చేసి ఆ ఊరు వెళ్ళిందట. అక్కడివారు ఎనిమిదేండ్ల చందా బాకీ ఉన్నదన్నారట. ఈ సంగతి నాకు చాలా తరువాత తెలిసింది. అప్పటికి ఆ చాప ఖాళీ.

తిరుగు ప్రయాణములో బస్సులో ఇది నా భార్యకు గుర్తుచేశాను. ఆమె, "నాకు గుర్తుంది. ఆ అమ్మ పేరేమిటండీ?" అన్నది. నేను ఎంత ఆలోచించినా ఆమె పేరు గుర్తుకు రాలేదు. ఆయన పేరు గుర్తుంది, ఆయన ఊరు గుర్తుంది. ఆమె పేరు ఉత్తరములో రాయనేలేదు. ఫలానావారి భార్య అని రాశాను.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మా కుమారుడు రూతు గ్రంథము చదివాడు. వరుసలో వచ్చిన భాగమే. వింటూ ఉంటే నా బుద్ధి మధ్యాహ్నపు కాగితము చుట్టూనే తిరిగింది. మోయాబులో ఓవర్సీరు ఒకడు ఉండి ఉంటే ముగ్గురు విధవరాండ్రనూ నిలబెట్టి అడిగేవాడు: మహ్లోను ఇక్కడ పూర్తి సంవత్సరము జీతానికి కుదిరాడా? లేదు. పన్ను కట్టాడా? లేదు. అయితే అతని తండ్రి ఎలీమెలెకుది ఏ ఊరు? బేత్లెహేము. కాబట్టి రూతును బేత్లెహేముకే పంపేవారు! ఒర్పాను కూడా. తల్లి ఇంటికి తిరిగివెళ్ళే వీలు ఒర్పాకు ఉండేది కాదు. రూతు అత్తను విడువలేక నడిచిన దారినే చట్టము బండిలో ఎక్కించి పంపేది. బేత్లెహేమువారు ఏమి చేసేవారో మరి. పరిగె ఏరుకొనుట కూడా ఇంగ్లండులో హక్కు కాదని 1788లో కోర్టు తీర్పు చెప్పింది. బోయజు పొలముగలవాడే గాని చట్టము అడిగినదానికంటె ఎక్కువ పెట్టాడు.

ఈ చట్టాలు ఎట్లా పోయాయో కూడా చెప్పాలి. ఒక్కసారిగా పోలేదు. 1795లో, నిజంగా సహాయము అడిగేదాకా ఎవరినీ పంపకూడదన్నారు. పెళ్ళికాని గర్భిణీ స్త్రీలకు మాత్రం ఆ దయ చూపలేదు. 1834లో కొత్త చట్టము వచ్చి సౌత్‌వెల్ వంటి ఇళ్ళను దేశమంతటా కట్టించింది. దానిని నడిపిన ముగ్గురు కమిషనర్లలో ఒకడైన జార్జి నికోల్స్, అంతకు ముందు సౌత్‌వెల్‌లోనే ఓవర్సీరుగా చేసినవాడు. 1846లో ఒక చక్కని మాట చట్టములోకి ఎక్కింది. భర్త చనిపోయినప్పుడు అతనితో కలిసి ఏ పారిష్‌లో నివసిస్తున్నదో, ఆ పారిష్‌నుండి విధవను 12 నెలలవరకు కదిలించరాదు. ఏడుపు తీరేదాకానైనా ఆగమన్నమాట. అయినా కథ తిన్నగా నడవలేదు. 1871లో పై అధికారులు మరల బిగించారు. ఒక్క బిడ్డ ఉన్న విధవకు ఇంటివద్ద సహాయము ఇవ్వవద్దు, ఎక్కువమంది ఉంటే కొందరిని వర్క్‌హౌస్‌లోకి తీసుకోవడం మేలని ఉత్తరువులు పంపారు. మనమందరమూ చూసి నవ్విన చార్లీ చాప్లిన్ 1896లో ఏడేండ్లవాడై తల్లితోను అన్నతోను లండనులోని ఒక వర్క్‌హౌస్‌లోకి వెళ్ళాడు. అతని తండ్రి బ్రతికే ఉన్నాడు, కాని ఇంటిని విడిచిపోయాడు. అక్కడ తల్లినీ పిల్లలనూ వేరుచేశారు. ఆ పాత చట్టాలన్నీ 1948లో పూర్తిగా రద్దయ్యాయి.

సౌత్‌వెల్ ఇంటిలో చివరి గది చూసినప్పుడు ఆశ్చర్యమయింది. అది 1970ల నాటి గది. మంచము, పొయ్యి, కొన్ని పిల్లల వస్తువులు. వర్క్‌హౌస్‌లు పోయిన తరువాత కూడా, ఇల్లులేని తల్లులనూ పిల్లలనూ ఆ కట్టడములోనే తాత్కాలికంగా ఉంచారట. ఈసారి తల్లీపిల్లలు ఒకే గదిలో.

మేము తిరిగివచ్చిన తరువాత జరిగిన మొదటి కమిటీలో నేను ఒక ప్రతిపాదన పెట్టాను. భర్త చనిపోయిన మొదటి సంవత్సరము, మా ఊళ్ళో కాపురమున్న ఏ విధవరాలినీ సభ్యత్వ పత్రము అడగకూడదు. ఆ తరువాత పత్రము కావలసివస్తే కమిటీయే తపాలాలో తెప్పించాలి, ఆమెను తిప్పకూడదు. 1846 చట్టమునుండి తీసుకున్నానని చెప్పలేదు. ఇద్దరు ఒప్పుకోలేదు. తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయము తీసి, అపొస్తలుడైన పౌలు కూడా విధవరాండ్ర లెక్కకు వయస్సు, షరతులు పెట్టాడు కదా అన్నారు. పెట్టాడు నిజమే. నిధికి హద్దు లేకపోతే నిధియే ఉండదు, అదీ నిజమే. లెక్క రాసేవాడిని, నాకు తెలియదా? మూడు గంటలు మాట్లాడుకున్నాము. చివరికి పాస్టరుగారు ఒక సంవత్సరము ఇట్లా నడిపి చూద్దామన్నారు. కానుకలు చాలకపోతే ఏమి చేయాలన్న ప్రశ్న పుస్తకములో అట్లాగే ఉంది.

ఆ తాపీమేస్త్రీ గారి ఊరికి నేను స్వయంగా వెళ్ళి వచ్చాను. ఆమె అక్కడ లేదు. పిల్లలతో ఎక్కడో ఇటుకల బట్టీ పనికి వెళ్ళిందని ఒకరు, పుట్టింటివారి దగ్గర ఉన్నదని ఒకరు చెప్పారు. ఆమె పుట్టిల్లు ఏ ఊరో వారికి తెలియదు. పేరు మాత్రం ఒక ముసలమ్మ చెప్పింది. ఇంటికి వచ్చి నిధి పుస్తకములో రాసుకున్నాను.